వేలూ, కన్నూ, నోరూ

పార్కు మూతపడి నేను పని మానేసి నాలుగేళ్లయినా నాకు ఒక జబ్బు మాత్రం వదల్లేదు. ఇల్లు దాటే ముందు గ్యాస్ పొయ్యి వైపు వేలు చాచి, "పొయ్యి, బాగుంది!" అని గట్టిగా అంటాను. తర్వాత కిటికీ వైపు చాచి, "గడియ, బాగుంది!" అంటాను. మా ఆయన బూట్లు తొడుక్కుని గుమ్మంలో నిలబడి, "అయిందా తల్లీ, ఇక బండి బయల్దేరొచ్చా?" అని వెటకారం చేస్తాడు. చేస్తే చేయనీ. ముప్పయ్యేడేళ్లు అదే పని చేసిన వేలు, ఇప్పుడు ఊరికే కూర్చోమంటే కూర్చోదు.

మాది జపాన్‌లో సముద్రం ఒడ్డు ఊరు. రేవుకి పైన, కొండ మీద సముద్రకాకి పేరు పెట్టిన కామొమె పార్కు ఉండేది. "ఉండేది" అనడానికి నాకింకా నోరు రాదు. ఈ ఊళ్లో ఏ ఇంట్లో ఆల్బం తిరగేసినా, ఆ పార్కు గేటు ముందు పళ్లన్నీ బయటపెట్టి నిలబడ్డ పిల్లల ఫొటో ఒకటి దొరుకుతుంది. లోపల గుర్రాల రాట్నం, గిర్రున తిరిగే టీకప్పులు, జెయింట్ వీల్, వాటన్నిటికీ వెనక సముద్రం వైపు పసుపు రంగు డేగబండి. పేరుకే డేగ. ఒసాకాలో ఉండే రోలర్ కోస్టర్ల పక్కన పెడితే పిచ్చుక కూడా కాదు. ఆరు పెట్టెలు, పెట్టెకి ఇద్దరు మనుషులు. గొలుసు పట్టుకుని కటకటమంటూ పైకెక్కి, సముద్రం కనబడగానే ఒక వంపు తిరిగి, రెండు గుంటల్లో పడి లేచి, నిమిషం నలభై సెకన్లలో మళ్లీ నా ముందుకొచ్చి ఆగేది. దిగినవాళ్లలో సగంమంది పరిగెత్తుకెళ్లి మళ్లీ వరసలో నిలబడేవాళ్లు.

నేను ఇరవయ్యేళ్లప్పుడు ఆ బండి దగ్గర చేరాను. దాని ఆలనాపాలనా అంతా నగాయె మేస్త్రిది. పొట్టి మనిషి, మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో పొడుగు పిడి ఉన్న చిన్న సుత్తి. పార్కు తెరిచేది తొమ్మిదిన్నరకైతే ఆయన ఆరింటికే పట్టా పక్క మెట్లమీద ఉండేవాడు. ప్రతి బోల్టునీ సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఒగ్గేవాడు. బిగువుగా ఉన్న బోల్టు ఒక రకంగా పలుకుతుంది, వదులైంది ఇంకో రకంగా పలుకుతుంది. చేరిన మొదటిరోజే నన్ను వెంట తీసుకెళ్లాడు.

"విన్నావా?"

"విన్నానండీ. టంగుమంది."

"మరి ఇది?"

"అదీ టంగుమంది."

"చెవులు ఇంటిదగ్గర మర్చిపోయొచ్చావా అమ్మాయ్? రేపు గుర్తుపెట్టుకుని తెచ్చుకో."

ఆ తేడా నా చెవికి అందడానికి మూడు నెలలు పట్టింది. అందిన రోజున ఆయన మెచ్చుకోలేదు. "హమ్మయ్య, చెవులొచ్చాయి" అని ముందుకు నడిచాడంతే. ఆ ఒక్క మాటకి నేను ఇంటిదాకా పాడుకుంటూ వెళ్లాను.

రెండో పాఠం వేలు. బండి బయల్దేరే ముందు జనం ఒళ్లోకి అడ్డకడ్డీ దించి, కొక్కెం పడిందో లేదో లాగి చూడాలి. చూస్తే చాలదు. ఒక్కో పెట్టె దగ్గరా నిలబడి, చెయ్యి బారుగా చాచి, వేలితో ఆ కడ్డీనే చూపించి, "పెట్టె ఒకటి, కడ్డీ బాగుంది!" అని అరవాలి. తర్వాత పెట్టె రెండు. అలా ఆరూ. రైలు నడిపేవాళ్లూ ఫ్యాక్టరీలవాళ్లూ అందరూ చేసేదే. కానీ ఇరవయ్యేళ్ల పిల్లకి, అంతమంది ముందు వేలు చాచి అరవాలంటే ప్రాణం చచ్చిపోయేది. వరసలో నా క్లాసు కుర్రాళ్లు ఉంటే మరీను. నేను గొంతు తగ్గించి గొణిగితే మేస్త్రి ప్లాట్‌ఫారం కిందనించి కేకేసేవాడు.

"వినబళ్లేదు! వేలు చూపిస్తే కన్ను అటు పోతుంది. నోరు అంటే ఆ కన్ను అక్కడ నిలబడుతుంది. మూడూ ఒక చోట ఉండాలి. ఒకటి లేకపోతే మిగతా రెండూ దొంగనాటకం ఆడతాయి. మళ్లీ మొదట్నించీ!"

జనం గొల్లున నవ్వేవాళ్లు. నేను ఎర్రబడిపోయి మళ్లీ పెట్టె ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. రెండేళ్లు గడిచేసరికి నా గొంతు రేవు దాకా వినబడుతోందని చేపల మార్కెట్టు వాళ్లు చెప్పుకునేవాళ్లు.

డిసెంబరు నుంచి మార్చి దాకా మంచుకి పార్కు మూసేవాళ్లు. బయటివాళ్లు మాకవి సెలవులనుకునేవాళ్లు. అసలు పని అప్పుడే. డేగబండి పెట్టెలన్నీ షెడ్డులోకి దించి, ప్రతి మరా విప్పి, పాత పేపర్లు పరిచి, నంబర్లు రాసి వరసగా పెట్టేవాళ్లం. కిరసనాయిల్లో కడిగి, గ్రీజు రాసి, మళ్లీ బిగించేవాళ్లం. పట్టా బోల్టులు కూడా ఏటా కొన్ని చొప్పున విప్పి గ్రీజు పెట్టి బిగించాల్సిందే, మంచు పడుతున్నా సరే. వేళ్లు కొంకర్లు పోయి ఏడుపొచ్చేది. మధ్యాహ్నం పొయ్యి చుట్టూ చేరితే మేస్త్రి ఇంటినుంచి తెచ్చిన చిలగడదుంపలు రేకు మీద కాలుతూ ఉండేవి. వాటితో వాళ్లావిడ ఊరబెట్టిన చిన్నుల్లిపాయలు. తర్వాత నాకు గుర్రాల రాట్నం దగ్గర పని. ఇరవై నాలుగు చెక్కగుర్రాలు, ఒక్కోదానికీ కనురెప్పలు సన్న కుంచెతో దిద్దాలి. తొందరపడి దిద్దితే మేస్త్రి, "ఈ గుర్రం రాత్రంతా తాగినట్టుంది, మళ్లీ వెయ్యి" అనేవాడు. అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు ఆ చలికాలాల్లో ఒక్కటి తిరిగిస్తామంటే ఏమైనా ఇస్తాను.

ఇంకొకటుంది, ఈ కథకి అదే ముఖ్యం. ఆఫీసు గదిలో మేకుకి వేలాడే ఒక పుస్తకం. పనిలో పొరపాటు జరిగి, ఎవరికీ ఏమీ కాకుండా వెంట్రుకవాసిలో తప్పిపోతే అందులో రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరి చేతిలో జరిగింది. మేము దాన్ని గుండెఝల్లు పుస్తకం అనేవాళ్లం. చేసినవాళ్లే రాయాలి, ఆ రోజు ఇంటికెళ్లేలోపే రాయాలి, మర్నాడు పొద్దున్న అందరి ముందూ చేసినవాళ్లే చదవాలి. చదివాక ఎవరూ తిట్టకూడదు. అందరూ చప్పట్లు కొట్టాలి. ఆ నియమం మేస్త్రి పెట్టిందే. "దాచినవాణ్ణి తిడదాం, చెప్పినవాడికి చప్పట్లు కొడదాం" అనేవాడు. టీకప్పుల దగ్గర గేటు గడియ మర్చిపోయినందుకు నాకూ ఒకసారి చప్పట్లు పడ్డాయి. సిగ్గుతో చచ్చి, ఆ గడియ ఇంకెప్పుడూ మర్చిపోలేదు.

ఇలా ముప్పయ్యయిదేళ్లు. తర్వాత పార్కుని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది. సముద్రం పక్కన సెలవు ఇళ్లు కట్టి, ఏడాదికి పది రోజులు ఉండేలా సభ్యత్వాలు అమ్మే కంపెనీ. మాకు కొత్త మేనేజరు కజితాని వచ్చాడు. ముప్పయ్యారేళ్లు, మెత్తటి మాట, నొప్పి పుట్టేంత మర్యాద. చెడ్డవాడని చెప్పలేను, చెబితే అబద్ధం. మొదటి సమావేశంలోనే చెప్పేశాడు.

"ఏ ఆటకైనా పెద్ద మరమ్మతు అవసరమైతే మరమ్మతు చెయ్యం, ఆ ఆట మూసేస్తాం. పైవాళ్ల నిర్ణయం. దయచేసి అర్థం చేసుకోండి."

ఆ వారమే డెబ్బై దాటిన తాత్కాలిక ఉద్యోగులందర్నీ పంపేశారు. నగాయె మేస్త్రికి డెబ్బై నాలుగు. ఒక పూలగుత్తి ఇచ్చారు. ఆయన సుత్తిని పనిముట్ల గదిలో దాని మేకుకే తగిలించి, పూలగుత్తి నాకిచ్చి, "మీ ఇంట్లో పెట్టుకో, నాకు తుమ్ములొస్తాయి" అని కొండ దిగిపోయాడు.

ఆ తర్వాత పార్కు పార్కులా లేదు. డేగబండి స్తంభాల మీద పసుపు రంగు పొరలుగా లేచింది. గుర్రాల కనురెప్పలు చెదిరాయి. మరుగుదొడ్డి కుళాయి ఒకటి మూడు నెలలు కారుతూనే ఉంది. శుభ్రం చేసే మనుషుల్ని సగం తగ్గించి, ఆ చేతులకి కరపత్రాలిచ్చారు. గేటు దగ్గర సభ్యత్వం, ఫొటో దగ్గర సభ్యత్వం. అన్నం ముద్దలు విప్పుకుని బెంచీ మీద కూర్చున్న ముసలావిడ పక్కన సముద్రకాకి వేషం వేసుకున్నవాడు కూలబడి ఫారం చాపుతాడు. ఒకసారి ఒకాయన పొట్ట పట్టుకుని మరుగుదొడ్డి వైపు పరిగెడుతుంటే ఆ కాకి అడ్డం తిరిగి, "ఒక్క నిమిషం! మీ కుటుంబానికి సెలవు ఇల్లు ఉందా?" అంది. ఆయన అన్న మాట నేనిక్కడ రాయను.

చలికాలం పని మాత్రం మిగిలిన పాతవాళ్లం నలుగురం మానలేదు. రంగు కొనమంటే కొనలేదు గానీ, షెడ్డులో పాత గ్రీజు డబ్బాలు మిగిలున్నాయి. వాటితోనే రెండు చలికాలాలు నెట్టుకొచ్చాం.

ఆ ఏప్రిల్లో కజితాని గారు చెవికి తగిలించుకునే మైకొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అసనుమా గారూ, చిన్న మనవి. వరసలో నిలబడ్డవాళ్లు మన మాట వినకుండా వెళ్లిపోతున్నారు. కానీ బండిలో కూర్చున్నాక నలభై సెకన్లు మన దగ్గరే ఉంటారు కదా."

"ఉంటారు. కడ్డీ వేశాక ఎక్కడికి పోతారు?"

"అదేనండీ! ఆ నలభై సెకన్లలో క్లబ్బు గురించి మీరు చెప్పాలి. ఇదిగో, రాసిచ్చాను."

"అప్పుడు కడ్డీలు పిలవాలి కదా నేను?"

"అదీ... మైకులో 'పెట్టె మూడు' అంటే మన మాట మధ్యలో తెగిపోతుంది. వేలు చూపించండి, ఫర్వాలేదు. బాగుంది అనేది మనసులో అనుకోండి. చిసాతొ గారిని మీ పక్కనించి తీసి ఫారాలు పంచడానికి పెడుతున్నాను."

చిసాతొ ఇరవై మూడేళ్ల పిల్ల. అంతకుముందు కడ్డీలు లాగి చూసేది తను, వేలు చూపించి పిలిచేది నేను. ఇప్పుడు లాగేదీ చూసేదీ కూడా నేనే, నోరేమో కంపెనీది. "కుదరదు" అనాల్సింది. అనలేదు. యాభై ఏడేళ్లు నాకు. ఇంకో మూడేళ్లలో గౌరవంగా విరమిద్దాం, అప్పటిదాకా డేగబండి తిరిగితే చాలు అనుకున్నాను. ఆ అనుకోవడమే నా తప్పు.

మే నెల మధ్యలో ఒక ఆదివారం. ఎండ బాగా కాసి, జనం గేటు దాకా వరసకట్టారు. మూడో పెట్టెలో ఎర్రటోపీ పెట్టుకున్న ఆరేళ్ల పిల్ల, పక్కన వాళ్ల అమ్మమ్మ. నేను మైకులో మొదలుపెట్టాను. "కామొమె కుటుంబ క్లబ్బు మీకోసం..." కడ్డీ దించుకుంటూ, లాగుకుంటూ, వేలు చాపుకుంటూ నడిచాను. మూడో పెట్టె దగ్గర లాగి చూశానో లేదో తెలియదు గానీ, వేలు కచ్చితంగా చాచాను. కడ్డీ మీదకే చాచాను. కానీ ఆ క్షణంలో నోరు "ఏడాదికి పది రోజులు" అంటోంది, కన్నేమో తర్వాతి వాక్యం ఏమిటా అని గాల్లో వెతుకుతోంది. అమ్మమ్మ చేతిసంచీ పట్టీ కొక్కెంలో పడి కడ్డీ సగంలోనే ఆగిందని నా వేలికి ఎలా తెలుస్తుంది?

మీట నొక్కాను. బండి గొలుసెక్కింది. సగం దూరం ఎక్కాక, ఎర్రటోపీ ముందు కడ్డీ పైకీ కిందికీ ఊగుతూ కనబడింది.

ఆపే బొత్తాం ఎప్పుడు కొట్టానో నాకు గుర్తులేదు. బండి గొలుసు మీదే ఆగింది. పక్క మెట్లెక్కి పరిగెత్తాను. నలభై రెండు మెట్లు, మోకాళ్ల నొప్పి గుర్తురాలేదు. ఇంకో ఇరవై గజాలు పోయుంటే సముద్రం వైపు వంపు. కింద రాళ్లు.

"అత్తా, ఎందుకు ఆపావ్?" అంది ఆ పిల్ల. "ఇక్కణ్ణుంచి ఓడ కనబడుతోంది చూడు!"

"చూడు తల్లీ, చూడు. కదలకుండా చూడు."

పట్టీ బయటికి లాగి, కడ్డీ దించి, కొక్కెం పడ్డ చప్పుడు విని, రెండుసార్లు లాగాను. వేలు చాచాను. "పెట్టె మూడు, కడ్డీ బాగుంది" అన్నాను. అమ్మమ్మ నావైపు చూసి, "శ్రమ పెట్టాం మిమ్మల్ని" అని తల వంచింది. ఏం జరగబోయిందో ఆవిడకి తెలియదు. ఎవరికీ తెలియదు.

నేను పైనున్న ఆ మూడు నిమిషాల్లో కింద చిసాతొకి కంగారు పుట్టి, చేతిలో ఏం ఉంటే అది స్పీకర్లో చదివేసింది. చేతిలో ఉన్నది క్లబ్బు కరపత్రం. బండి తిరిగొచ్చాక, దిగినవాళ్లలో ఐదు కుటుంబాలు చేరాయి. అంతకుముందు వారమంతా కలిపి అన్ని చేరలేదు.

సాయంత్రం కజితాని గారు వచ్చి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"అద్భుతం అసనుమా గారూ! సముద్రం చూపిస్తూ ఆపడం, ఆ సమయంలో సెలవు ఇల్లు గురించి చెప్పడం! ఆ ఆలోచన మీదేనా?"

నేను తల దించుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు.

"జూన్ ఒకటి నుంచి ప్రతి బండినీ అక్కడ ఒక నిమిషం ఆపుదాం. పైవాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను."

ఆఫీసు గదిలో గుండెఝల్లు పుస్తకం మేకుకే ఉంది. చివరి రాత రెండేళ్ల కిందటిది. తెరిచి, కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాను. రాస్తే, కొక్కెం పడకపోతే బండి కదలని కొత్త రకం కడ్డీలు కావాలంటారు, అంటే పెద్ద మరమ్మతు, అంటే డేగబండి మూత. రాయకపోతే ఎవరికీ తెలియదు, బండి తిరుగుతుంది. పుస్తకం మేకుకి తగిలించి ఇంటికెళ్లాను.

మంగళవారం పార్కుకి సెలవు. బస్సెక్కి మేస్త్రి బేరిపండ్ల తోటకి వెళ్లాను. ఆయన నిచ్చెన మీద నిలబడి, గోలీకాయంత ఉన్న పిందెలకి ఒక్కోదానికీ కాగితం సంచీ తొడిగి తీగతో ముడేస్తున్నాడు.

"ఏమ్మాయ్, దారితప్పావా? చేతులు ఖాళీగా ఉన్నట్టున్నాయి, ఆ చివరి కొమ్మ అందుకో."

నేనూ సంచీలు తొడగడం మొదలుపెట్టాను. పదో పదకొండో తొడిగాక ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మూడు సంచీలకి ముడెయ్యలేదు. ఏమైంది?"

చెప్పేశాను. ఆదివారం నుంచి దాచుకున్నదంతా చెప్పేశాను. ఆయన నిచ్చెన దిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎన్నో పెట్టె?"

"మూడు."

"వేలు చాచావా?"

"చాచాను."

"కన్ను?"

నేను చేతిలోని సంచీకి ముడెయ్యబోయాను.

"పుస్తకంలో రాశావా?"

"లేదు మేస్త్రీ."

"జరిగింది ఆదివారం. ఇవాళ మంగళవారం." ఆయన గొంతు పెరిగింది. ముప్పయ్యేడేళ్లలో నా మీద అంత కోపం చూళ్లేదు. "రెండు రాత్రులు ఎలా పడుకున్నావే?"

"పడుకోలేదు. రాస్తే మూసేస్తారు. మీ బండి మేస్త్రీ, నలభై రెండేళ్లు మీరు..."

"నా బండేంటి? మా నాన్న చేయించి పెట్టాడా?" అని కసిరాడు. తర్వాత తిరగేసిన బుట్ట మీద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మాయ్. ఏ బండైనా ఎప్పుడో ఒకప్పుడు మూతపడాల్సిందే. ఒక్కరు కూడా పడకుండా మూతపడాలనే నేను రోజూ పొద్దున్నే అన్ని దెబ్బలు కొట్టాను. తిరుగుతూనే ఉండాలని కాదు. రేపు పొద్దున్నే రాయి. రాసి నువ్వే చదువు."

ఏడ్చాను. ఆయన కాసేపు చూసి, "ఏడిస్తే ఏడు గానీ, ఆ మూడు సంచీలకీ ముడేసి వెళ్లు" అన్నాడు.

బుధవారం పొద్దున్న అందరికంటే ముందెళ్లి రాశాను. ఏం జరిగింది: మూడో పెట్టె కడ్డీ పడకుండానే బండి వదిలాను. ఎవరి చేతిలో: అసనుమా తొమోయె. ఎందుకు: వేలు కడ్డీని చూపిస్తోంది, నోరు వేరే మాట అంటోంది, కన్ను ఎక్కడా లేదు. చివర్లో, ఆదివారమే రాయకుండా దాచానని కూడా రాశాను.

సమావేశంలో పుస్తకం తీసి నిలబడితే కొత్తవాళ్లకి అదేమిటో కూడా తెలియలేదు. చదివాను. చిసాతొ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అక్కా... నేను కింద కరపత్రం చదువుతున్నప్పుడా?" అంది.

"అప్పుడే."

కజితాని గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పుస్తకం ఇవ్వమన్నట్టు చెయ్యి చాచాడు. చించేస్తాడనుకున్నాను. చించేస్తే ఇంకోసారి రాద్దామని కూడా అనుకున్నాను. ఆయన నా రాతని మొదట్నించి చివరిదాకా నిదానంగా చదివాడు. జేబులోంచి కలం తీసి, 'ఎందుకు' అన్న చోట నా వాక్యం కింద ఏదో రాసి, పుస్తకం నాకు తిరిగిచ్చి, నడుం పూర్తిగా వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. చూశాను. "ఆ వేరే మాట అనమన్నది నేను. కజితాని" అని ఉంది.

చప్పట్లు ముందు చిసాతొ మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత ఆ గదిలో అవి మొదటి చప్పట్లు. కొందరు ఇద్దరి కోసమూ కొట్టారనుకుంటాను.

అనుకున్నదే జరిగింది. ఆ మధ్యాహ్నమే డేగబండి ముందు తాడు కట్టారు. వీడ్కోలు సభ లేదు, ఆఖరి సవారీ లేదు. జనం ఆట ఎక్కే చోట సభ్యత్వం మాట ఎత్తకూడదని కజితాని గారు అన్ని ఆటలకీ కాగితం మీద ఆజ్ఞ రాసి సంతకం పెట్టాడు. ఆకురాలు కాలంలో ఆయన్ని ఎక్కడికో బదిలీ చేశారు. వెళ్తూ నాకు తల వంచి, "మీ గొంతు రేవు దాకా వినబడేదట కదా, నేను వినలేకపోయాను" అన్నాడు. నేనూ తల వంచాను.

నవంబరులో బండి విప్పేసేవాళ్లు వచ్చారు. పదిమంది మనుషులు, ఒక క్రేను, గ్యాస్ కట్టర్లు. నగాయె మేస్త్రికి ఫోన్ చేసి చెప్పాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. కొత్త తువ్వాలు మెడకి చుట్టుకుని ప్లాట్‌ఫారం పక్కన నిలబడ్డాడు. విప్పేవాళ్ల పెద్ద, నలభై ఏళ్లవాడు, రంగు లేచిపోయిన స్తంభాన్ని గోటితో గీకి పెదవి విరిచాడు.

"సముద్రపుగాలికి నలభై నాలుగేళ్లు నిలబడ్డ ఇనుము. అన్నీ తుప్పుకి అతుక్కుపోయుంటాయి. పానాతో పని కాదు, కోసేయడమే. వారం పైన పడుతుంది. తాతా, మీరు కాస్త దూరంగా ఉండండి, నిప్పురవ్వలు పడతాయి."

"కొయ్యక్కర్లేదు బాబూ" అన్నాడు మేస్త్రి. "చేత్తో విప్పుకో."

విప్పేవాళ్ల పెద్ద నవ్వాడు. పెద్దవాడి మాట తీసెయ్యడం ఎందుకని కాబోలు, ఒక కుర్రమనిషిని పిలిచి పానా ఇచ్చాడు. అతను మొదటి బోల్టుకి పానా తగిలించి, కాళ్లు బిగబట్టి, ఒంటి బలమంతా పెట్టి లాగాడు. బోల్టు ఎంత తేలిగ్గా తిరిగిందంటే అతను వెనక్కి పడబోయాడు. రెండోదీ అంతే. మూడో బోల్టు ఆ విప్పేవాళ్ల పెద్దే వెళ్లి విప్పాడు. బయటికొచ్చిన బోల్టుని ఎండలోకెత్తి చూశాడు. దాని మరల మీద గ్రీజు తడి మెరుస్తోంది. ఆయన నెత్తి మీది హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని మేస్త్రి వైపు తిరిగాడు. తల బాగా కిందికి వంచాడు. మేస్త్రి కూడా వంచాడు.

గ్యాస్ కట్టర్లు లారీలోంచి దించనే లేదు. వారం పైన పడుతుందన్న పని మూడు రోజుల్లో అయిపోయింది. మూడు రోజులూ మేస్త్రి వచ్చాడు, మూడు రోజులూ నేనూ నిలబడ్డాను. నలభై నాలుగేళ్లలో ఆ బండి మీదనించి ఒక్కరూ పడలేదు. అంత బాగా చూసుకున్నాం కాబట్టే అంత తొందరగా మా కళ్లముందు లేకుండా పోయింది. మూడో రోజు మధ్యాహ్నానికి అక్కడ ఖాళీ నేలా, దాని వెనక సముద్రమూ మిగిలాయి. నేను గట్టిగా ఏడ్చేశాను. మేస్త్రి నన్ను ఊరుకోమనలేదు. ఆయన కూడా ఏడుస్తున్నాడు.